అన్న చేతిలో ఆగని బండి

పెట్రోలు అయిపోయి ఆగే బండి చెప్పి ఆగుతుంది. రెండు మూడుసార్లు దగ్గుతుంది, కాస్త తూలుతుంది, రిజర్వుకు తిప్పుకునేంత టైం ఇస్తుంది. మా బండికి ఆ మర్యాద లేదు. పోతూ పోతూ టక్కున ఆగిపోయేది. వెనక బొగ్గు లారీ హారన్, ముందు దుమ్ము. రోడ్డు దిగి కిక్కు కొడితే ఒక్కోసారి మొదటి దెబ్బకే లేచేది, ఏమీ జరగనట్టు. ఒక్కోసారి చొక్కా వీపుకు అతుక్కుపోయినా లేచేది కాదు.

బండి మా అన్నదీ నాదీ. మరాఠీ గడ్డ మీద మా తెలుగువాళ్ల వాడ బాబుపేట్. స్కూటరుకు పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూసిన ఆ వాడలోకి ఆ రోజుల్లో కొత్త బండ్లు వాయిదాల మీద రావడం మొదలైంది. ఇద్దరం కలిసి ఒకటి తీసుకున్నాం. అన్న మాజ్రి గనిలో పర్మనెంటు మనిషి కాబట్టి కాగితాలు ఆయన పేరు మీదే అయ్యాయి. గనికి ఆయన కంపెనీ బస్సులో పోయేవాడు. బండి పొద్దున నాది, సాయంత్రం, ఆదివారం ఆయనది. అట్లా అని ఎవరూ నిర్ణయించలేదు, అలవాటైపోయింది.

నేను మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. లెక్కలు బడిలో వచ్చినవి కావు. బొగ్గు డిపోల దగ్గర హమాలీల వెంట తిరుగుతూ లారీలు తూచే కాటా ముందు నిలబడి నేర్చుకున్నవి. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీస్తే సరుకు. ఈ ఒక్క తీసివేతను ఎవరికన్నా ముందు నోటితో చెప్పగలగడం నాకున్న చదువు. దాన్ని పట్టుకునే బామ్ని వైపు కొత్తగా వచ్చిన ఒక ప్రైవేటు కంపెనీలో కాటా గుమాస్తాగా టెంపరరీగా చేరాను. అప్పటికే నాకు నెత్తి మీద తెల్ల వెంట్రుకలు. పెద్ద కాటా ఒకటి కొత్తగా వస్తోంది, దాని మీద ఒకరిని పర్మనెంటు చేస్తారు అన్నారు. ఆ వయసులో నాకు అటువంటి చోటు ఇంకొకటి దొరకదు. అది నాకూ తెలుసు, మా ఇంట్లో అందరికీ తెలుసు.

కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే. పొద్దున గేటు తీసేసరికి కాటా దగ్గర మనిషి ఉండాలి. రాత్రి నిండిన లారీలు అప్పటికే వరస కట్టి ఉంటాయి. మనిషి లేకపోతే ఆ వరస పెద్ద రోడ్డెక్కుతుంది. మా వైపు మొదటి బస్సు ఆ టైంకు అందదు. చీకట్లో లారీల మధ్య సైకిలు మీద పోతానంటే నా భార్య ఏడ్చింది. బండే దిక్కు.

ఆ బండి ఆగడం మొదలుపెట్టింది.

రైలు గేటు పక్కన రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసే ఒక మిస్త్రీ ఉండేవాడు. మరాఠీ మనిషి, మా వాడలో పెరిగినందువల్ల మా మాట మాట్లాడేవాడు.

"భావు, ప్లగ్గు మార్చిన. ఇగ తూఫాన్ లెక్క పోతది."

"మొన్న గూడ తూఫానే అన్నవు."

"మొన్నటి తూఫాన్ వేరే, ఇయ్యాల్టి తూఫాన్ వేరే."

ప్లగ్గు తరవాత ప్లగ్గు టోపీ, దాని తరవాత కాయిల్, ఆ తరవాత ప్లగ్గుకు కరెంటు పంపే సీడీఐ డబ్బా. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగా నడిచేది. అక్కడే మోసమంతా ఉంది. ఎప్పుడో ఒకసారి వచ్చే జబ్బు ఏ మందు వేసినా తగ్గినట్టే కనిపిస్తుంది.

ఇంట్లో మాత్రం అందరికీ కారణం తెలుసు. ఆ కారణం నేను.

"నాకైతె ఒక్కసారి సుత ఆగలే," అనేవాడు అన్న. "బండి అంటె ఎద్దు లెక్క తమ్మి. అదను తెల్వనోడు ముల్లుగర్ర పట్టుకుంటె మొరాయిస్తది."

కొన్ని పొద్దుల్లో అసలు ఇంటి ముందే లేచేది కాదు. నేను కొట్టీ కొట్టీ ఆగిపోతే, సెకండ్ షిఫ్టు వారమైతే అన్న నిద్రలోంచి లేచి, పళ్లు తోముకునే మిశ్రీ పొగాకు పొడి నోట్లో ఉండగానే, తువ్వాలు కట్టుకుని వచ్చేవాడు. వంగి సీటు కింద చెయ్యి వేసి బండిని స్టాండు మీంచి దించేవాడు. ఒక్క కిక్కు. లేచేది.

"పెద్దోడు ముట్టుకుంటె లేస్తది, చిన్నోడు ముట్టుకుంటె పంటది," అనేది వదిన గడప మీద నిలబడి. "బండికి గూడ ఎర్కనే ఇంట్ల పెద్ద ఎవ్వరో."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. నవ్వకపోతే ఆలస్యమవుతుంది.

ఇంటి నుంచి అరగంట ముందు బయల్దేరడం మొదలుపెట్టాను. బండి ఆ అరగంటను కూడా తినేది. కాటా దగ్గర పై అధికారి ఒక కోస్తా ఇంజనీరు. కోపం ఎరగని మనిషి. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టాడు.

"చూడండి, మీ లెక్కలో తప్పు పట్టాలన్నా నాకు దొరకదు. కానీ మీరే లేనప్పుడు ఆ లెక్క ఎవరు చెయ్యాలండీ?"

"బండి ఆగుతోంది సార్."

"బండి మీదేనా?"

"మా అన్నదీ నాదీ సార్."

"మరి ఆయనకూ ఇలాగే ఆగుతోందా?"

"ఆయనకు ఆగదు సార్," అన్నాను. నిజమని నమ్మాను కాబట్టి అన్నాను. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి, బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు.

"ఇంకొక్కసారి చూస్తాను. ఆ తరవాత నా చేతిలో ఉండదండీ."

ఆ సాయంత్రం నేను మిస్త్రీని వదిలేశాను. బండిని కూడా కాటా మీదికి ఎక్కించాలని అనుకున్నాను. ఎన్నిసార్లు ఆగిందన్నది కాదు, ఎక్కడ ఆగిందన్నది ముందు గుర్తుచేసుకున్నాను. ఎండకు సంబంధం లేదు, చలిపొద్దుల్లోనూ ఆగింది. వానకు సంబంధం లేదు. మంచి రోడ్డు మీద ఆగడం తక్కువ. రైలు పట్టాలు దాటేచోట, లారీలు తవ్విపోసిన గుంతల దగ్గర ఎక్కువ. అంటే కుదుపు.

తరవాత తీసివేత. పని నుంచి తిరిగి వస్తుంటే ఆగినప్పుడు హారన్ నొక్కి చూశాను, గట్టిగా మోగింది. అయితే బ్యాటరీ కాదు. కార్బొరేటర్ కింది మర తిప్పి చూశాను, పెట్రోలు వచ్చింది. అయితే పెట్రోలు కాదు. ప్లగ్గు విప్పి ఇంజిన్ మీద ఆనించి కిక్కు కొట్టాను, నిప్పురవ్వ లేదు. కాసేపాగి మళ్లీ కొడితే ఉంది. అయితే కరెంటే. ప్లగ్గు, కాయిల్, డబ్బా మూడూ కొత్తవి. నిండులోంచి ఇన్ని తీసేస్తే మిగిలింది ఒకటే తీగ, నలుపు మీద తెల్ల గీత ఉన్నది.

ఆ తీగ పని ఇంజిన్ను నడపడం కాదు, ఆపడం. తాళంచెవి తిప్పి బండి ఆపినప్పుడు అది బండి ఇనుప చట్రానికి తగులుతుంది. ప్లగ్గుకు పోవలసిన కరెంటు చట్రంలోకి జారిపోతుంది. బండి నడుస్తున్నంతసేపూ అది దేనికీ తగలకూడదు. కుదుపులో ఎక్కడో తగులుతోందని అనుమానించాను. పరీక్ష చాలా సులువు. సీడీఐ డబ్బా దగ్గర ఆ ఒక్క తీగ ఊడదీసి, చివరకు టేపు చుట్టాను. ఇక తాళం తీసినా ఇంజిన్ ఆగదు. గేరులో ఉంచి బ్రేకు తొక్కి, క్లచ్చి వదిలి ఆపుకోవాలి. ఇంకో చిక్కు, తాళంచెవి లేకుండా కూడా ఎవరైనా కిక్కు కొట్టి లేపుకోవచ్చు. అందుకని హ్యాండిల్ లాకు వేసేవాణ్ని.

అన్నకు చూపించి చెప్పాను.

"అన్నా, గీ తీగ ఊడదీసిన. ముట్టకు. కొన్నొద్దులు గిట్లనే చూస్త."

"చాబీ లేకున్నా లేస్తదా?"

"లేస్తది. హ్యాండిల్ లాక్ ఎయ్యి."

"లాక్ ఇరగ్గొట్టుడు ఎంతసేపుర?" అన్నాడు.

బండి ఆగలేదు. పట్టాల మీద ఆగలేదు, గుంతల్లో ఆగలేదు. గేటు తీయకముందే కాటా గది ముందు నిలబడి బీడీ తాగే డ్రైవర్లతో మాట్లాడేంత తీరిక దొరికింది. ఇంజనీరు ఒక పొద్దున నన్ను చూసి తల ఊపాడు. కొత్త కాటాకు సిమెంటు దిమ్మెలు లేస్తున్నాయి. మధ్యాహ్నం డబ్బా విప్పి తింటూ నేను వాటినే చూసేవాణ్ని.

ఆదివారం అన్న, వదిన బండి మీద చుట్టాలింటికి పోయి వచ్చారు. సోమవారం పొద్దున నేను బండి తీశాను. ఊరు దాటాక, లారీలు నలిపేసిన మలుపు దగ్గర, టక్కున ఆగింది.

ఆ టక్కు వినగానే నాకు తెలిసిపోయింది, అయినా నమ్మలేదు. కిక్కు కొట్టాను. మళ్లీ కొట్టాను. ప్లగ్గు విప్పి తుడిచాను. ఊడదీసిన తీగ ఊడే ఉందనుకున్నాను కాబట్టి అటు చూడలేదు. నేను చేసిన పనిని ఇంకొకరు చెరిపి ఉంటారని లెక్కలో వేసుకోలేదు. వరసగా లారీలు నన్ను దాటి పోయాయి, నేను తూచవలసిన లారీలే. చివరికి సైడ్ కవర్ విప్పితే, నలుపు తెలుపు తీగ డబ్బాకు పెట్టి ఉంది. నేను చుట్టిన టేపు విప్పి, చివర తుడిచి, జాగ్రత్తగా పెట్టారు. పీకేశాను. కిక్కు కొట్టాను. లేచింది.

నేను చేరేసరికి లారీల వరస రోడ్డెక్కింది. కాటా మీద నాతోపాటు టెంపరరీగా చేస్తున్న ఇంకొకతను కూర్చుని ఉన్నాడు. ఇంజనీరు బయటే నిలబడి ఉన్నాడు.

"నేను చెప్పానుగా," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఈ నెలాఖరు దాకా చెయ్యండి. కొత్త కాటా మీద అతన్ని వేస్తున్నాను."

"సార్, కారణం దొరికింది. తీగ..."

"కారణాలు ఎప్పుడూ ఉంటాయండీ," అన్నాడు.

సాయంత్రం అన్న బస్సు దిగి రాగానే అడిగాను.

"తీగ నువ్వు పెట్టినవా?"

"పెట్టిన. చుట్టాలింటి ముంగట బండి నిలవెడితె పోరగాండ్లు దాని మీద ఎక్కి ఆడుతున్నరు. చాబీ నా జేబుల ఉన్నది, ఆండ్లు కిక్కు కొడితె లేసింది! గట్ల ఎట్లుంచుత తమ్మి? పోతె ఎవని బండి పోతది?"

"చెప్పొచ్చు గద."

"మర్చిపోయిన."

చెప్పేందుకు తెల్లారి ఆయనకు టైం లేదు, కంపెనీ బస్సు ముందే వస్తుంది. అంతవరకు ఒప్పుకోవచ్చు. మరచిపోయే మనుషులు ఉంటారు. కానీ ఒక చిక్కు నా బుర్రలో మిగిలిపోయింది. ఆ తీగ ఎక్కడో ఒకచోట చట్రానికి తగులుతోంది. ఆ చోటు ఇంకా దొరకలేదు.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం కరెంటు లేదు. బయట ఎండ. అన్న, వదిన లోపల గచ్చు మీద నీళ్లు చల్లుకుని పడుకున్నారు. నేను వసారాలో బండి సీటు విప్పాను. తాళం నుంచి వచ్చే తీగల జోడు ఊడదీశాను. సీడీఐ డబ్బా వైపూ ఊడదీశాను. ఇప్పుడు ఆ నలుపు తెలుపు తీగ రెండు చివర్లా ఒంటరిది. దానికీ చట్రానికీ మధ్య ఒక టార్చి బల్బు, రెండు సెల్లులు కలిపాను. బల్బు వెలగకూడదు. వెలగలేదు. బండి వెనక భాగం పట్టుకుని ఊపాను. బల్బు మినుకుమంది.

ఖర్చు ఎక్కడో ఉంది, పద్దులో రాయలేదు. తీగను వేళ్లతో తడుముతూ వెనక్కి పోయాను. బ్యాటరీ పెట్టె వెనక, కంపెనీ చుట్టిన టేపు కింద, ఇళ్లలో గోడలకు వాడే ఎర్ర తీగ ఒకటి అతికి ఉంది. అది సీటు అంచు కిందికి పోయింది. అక్కడ టేబుల్ ఫ్యానుకు ఉండేలాంటి చిన్న స్విచ్. దాని పొట్ట నిండా బొగ్గు దుమ్ము. రెండో తీగ చట్రానికి బిగించి ఉంది.

ఆ కాలంలో చాలామంది పెట్టించుకునేవారు, చోర్ స్విచ్ అని. బండి నిలబెట్టి ఎవరికీ కనబడకుండా దాన్ని నొక్కితే, దొంగ ఎన్ని కిక్కులు కొట్టినా బండి లేవదు. యజమాని వచ్చి సీటు కింద చెయ్యి పెట్టి తీసేస్తే లేస్తుంది. మా ఇంటి ముందు బండి లేవని పొద్దులంటే ఆయన రాత్రి నొక్కింది తీయడం మరిచినవే. ఆ పొద్దులు, స్టాండు దించే ఆ చెయ్యి, ఒక్క కిక్కు, వదిన నవ్వు, అన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చి కూర్చున్నాయి. కూడిక సరిపోయింది.

అన్నను లేపాను. ఆయన వచ్చి విప్పిన బండినీ, నా వేలి కింద ఉన్న స్విచ్చునూ చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"గది దొంగలకని పెట్టిచ్చిన. మా గనిల ఎలక్ట్రీషియన్‌తోని. వాడల బండ్లు పోతున్నయి గద."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తె నువ్వు నీ సోపతోళ్లకు చెప్తవు. ఆండ్లు ఇంకోళ్లకు చెప్తరు. అందరికి ఎర్కయినంక గది చోర్ స్విచ్ ఎట్లయితది?"

"పొద్దుగాల లేవకపోతె వచ్చి తీసేటోనివి. ఎద్దు, ముల్లుగర్ర అని కతలు చెప్పేటోనివి."

"నవ్వులాటకు అన్నర."

నా కోపం అప్పటికి అంతవరకే. తమ్ముణ్ని నమ్మని అన్న. అట్లాంటి అన్నలు మా వాడలో చాలామంది ఉన్నారు. స్విచ్ పాడైపోయి కుదుపులకు దానంతట అదే కలుస్తోందని ఆయనకు తెలియదనుకున్నాను. చెప్పాను, ఇదే నా బండిని ఆపింది, ఇదే నా నౌకరి తీసింది అని. ఆయన అవునా అన్నట్టు కళ్లు పెద్దవి చేశాడు.

అప్పుడు వదిన బయటికి వచ్చింది. నేను ఆమె మొగుడి మీద నింద వేస్తున్నాననుకుంది. అడ్డం వచ్చింది.

"నీ ఒక్కనికేనా ఆగింది? మాకు సుత ఆగలేదా? మొన్న చుట్టాలింటికెల్లి వాపస్ వస్తుంటె ఆగింది, అంతకుముందు బజార్ల ఆగింది. ఈయన నీ లెక్క లొల్లి చేసిండా? కాలు జర తియ్యవె అన్నడు, చెయ్యి ఎనుకకు పెట్టి ఏందో అటిటు తిప్పిండు, లేసింది. గంతే. తెలివుండాలె మరిదీ."

అన్న ఆమె వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆమెకు అర్థం కాలేదు. నాకయింది, స్విచ్ చెడిందని ఆయనకు ముందే తెలుసు.

"నీకు ఆగలేదంటివి," అన్నాను.

"ఆగిందని చెప్తె ఎట్ల లేసిందని అడుగుతవు," అన్నాడు. అబద్ధం చెప్పినవాడిలా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు. "గప్పుడు స్విచ్ సంగతి చెప్పాలె. చెప్తె, తమ్మున్ని దొంగను చేసినవా అని నువ్వు అంటవు. ఇంట్ల లొల్లి. ఇయ్యాల కాకుంటె రేపు బాగ చేయిస్తనే అనుకున్న."

"నౌకరి పోతున్నదని చెప్పిన గద."

"గంత పని అయితదని అనుకోలే తమ్మి."

ఆయన మాటల్లో ఒక వరస ఉంది, కాదనలేను. ఒక దాపరికం, దాన్ని దాచడానికి ఒక అబద్ధం, ఆ అబద్ధం నిలబడడానికి నా చేతగానితనం. ఒకదాని నుంచి ఒకటి వచ్చాయి. ఎక్కడా ఆయన నాకు కీడు తలపెట్టలేదు. ఏళ్ల తరవాత కూడా నన్ను కాల్చేది అదే. పగతో చేసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ని. బండి పోకూడదు, ఇంట్లో గొడవ కాకూడదు, తన పెద్దరికం పోకూడదు, ఇన్నింటినీ ఆయన తూచాడు. ఆ తూకంలో నా పని ఎటువైపు పళ్లెంలోనూ పడలేదు, అంతే.

ఎర్ర తీగను మొదట్లో కత్తిరించాను. అతుకు ఉన్నచోట శుభ్రంచేసి టేపు చుట్టాను. స్విచ్ విప్పి అన్న చేతిలో పెట్టాను. సీటు బిగించాను. పని మధ్యలో వదిలేయడం నాకు రాదు.

"ఇగ నువ్వే వాడుకో," అన్నాడు అన్న. "నాకేమున్నది, బస్సుంది."

రేపు ఇంజనీరుతో చెప్పి చూద్దామని నా భార్య అంది. ఏం చెప్పాలో తెలియకపోయినా, మరునాడు పొద్దున అందరికన్నా ముందు పోయాను. ఇంజనీరు కారు దిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను.

"సార్, బండి జబ్బు దొరికింది. ఒక దొంగ స్విచ్ ఉంది దానికి, అది కుదుపుకు కలుస్తోంది. తీసేశాను."

"చాలా సంతోషమండీ. ఎవరు పెట్టారు?"

మా అన్న అని చెప్పడానికి నోరు తెరిచాను. నోరు వేరేది చెప్పింది. "ముందునుంచే ఉన్నట్టుంది సార్."

"పోనీలెండి, ఇక ఆగదుగా."

"ఆగదు సార్."

"మంచిది," అన్నాడు ఆయన. లోపలికి పోయాడు. గేటు దగ్గర్నుంచి కొత్త కాటా దిమ్మెల మీద ఇనుప పలకలు దించుతున్న క్రేను కనిపిస్తోంది. నెలాఖరు దాకా నేను పాత కాటా మీదే లారీలు తూచాను. ఏ రోజూ ఆలస్యంగా పోలేదు.

ఆఖరి రోజు సాయంత్రం తిరిగి వస్తుంటే బండి మలుపు దాటింది, గుంతలు దాటింది, రైలు పట్టాల మీద ఎగిరి పడి కూడా ఒక్క దెబ్బ తప్పకుండా నడిచింది. ఎక్కడైనా కాసేపు ఆగితే బాగుండునని ఆ రోజు మొదటిసారి అనుకున్నాను. ఇల్లు వచ్చేసింది. అన్న తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద నిలబడి ఉన్నాడు.

"ఆగిందా?"

"ఆగలే."

"నేను ముందునుంచె అంటలేనా, బండి మంచిదే అని," అని, చాబీ కోసం చెయ్యి చాపాడు.